నిశాని నుంచి పాస్‌పోర్టు దాకా: కూలి ఓడలు, సరిహద్దు కాగితాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

సరిహద్దు తనిఖీలకూ పాతకాలపు కూలి ఓడలకూ సంబంధం ఏమిటి?

శంషాబాద్‌లో విమానం ఎక్కి గల్ఫ్‌లో దిగే మనిషిని దారి పొడవునా ఏమేం అడుగుతారో చూడండి. పేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు, ఫొటో, వేలిముద్రలు, ఏ పనికి పోతున్నావు, ఎవరి దగ్గర, ఎన్నేళ్ల ఒప్పందం. ఇవి రాజుల రాకపోకల కోసమో షావుకార్ల కోసమో పుట్టిన ప్రశ్నలు కావు. చాలా వరకు చెరకు తోటలకు తోలుకుపోయిన కూలీల కోసం 1830ల నుంచి ఒక్కొక్కటిగా తయారైనవి.

బ్రిటిష్ సామ్రాజ్యంలో 1834 ఆగస్టు 1న బానిసత్వ రద్దు అమల్లోకి వచ్చింది. తోటల యజమానులకు పనివాళ్లు కావాలి. అదే ఏడు నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి కూలీలను తీసుకొని మారిషస్‌లోని పోర్ట్ లూయీ చేరింది. బానిసల వ్యాపారమే పేరు మార్చుకొని నడుస్తోందని లండన్‌లోనూ కలకత్తాలోనూ గొడవ లేచింది. దానికి సర్కారు ఇచ్చిన జవాబు 1837 చట్టం. ఓడెక్కే కూలీ అధికారి ముందుకు రావాలి, ఒప్పందం కాగితం మీద ఉండాలి, గడువు 5 ఏళ్లు, తన ఇష్టంతోనే పోతున్నాడని తేలాలి. దేశం విడిచి పోవాలంటే మామూలు మనిషి సర్కారు ముందు నిలబడి కాగితం తీసుకునే పద్ధతి మన దగ్గర అలా మొదలైంది.

ఈ క్రమాన్ని గుర్తు పెట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. మొదట అడిగిన ప్రశ్న ‘నీ ఇష్టంతో పోతున్నావా?’ అని. ‘నిన్ను లోపలికి రానివ్వాలా?’ అన్నది 60 ఏళ్ల తర్వాత వచ్చింది.

అంతకుముందు కాగితం లేకుండానే పోయేవాళ్లా?

ఓడ కిరాయి ఉంటే చాలావరకు పోయేవాళ్లు. కోరంగి రేవు నుంచి బర్మాకు పోయిన తెలుగువాళ్లను అక్కడ ‘కోరంగీలు’ అని పిలిచారంటే ఆ రాకపోకలు ఎంత మామూలో తెలుస్తుంది. పాస్‌పోర్టు అనే మాట ఉండేది గానీ అది పెద్దమనిషి వెంట తీసుకుపోయే సిఫారసు ఉత్తరం లాంటిది.

గిర్మిట్ అంటే ఏమిటి? అందులో ఏం రాసి ఉండేది?

ఇంగ్లీషులో ఒప్పందాన్ని ‘అగ్రిమెంట్’ అంటారు. అది కూలీల నోట్లో నలిగి గిర్మిట్ అయింది. నిశాని వేసినవాళ్లు గిర్మిటియాలు. ఫిజీ గిర్మిట్‌లో షరతులు ఇవి: 5 ఏళ్ల పని, సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు 9 గంటలు, శనివారం 5 గంటలు, పూర్తి పనికి మగవాళ్లకు రోజుకు 1 షిల్లింగు, ఆడవాళ్లకు 9 పెన్నీలు. 10 ఏళ్లు ఉంటే తిరుగు ప్రయాణం ఉచితం. దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో నెల జీతం. మొదటి ఏడు 10 షిల్లింగులు, ఏటా ఒక షిల్లింగు పెంచి ఐదో ఏడుకు 14.

కాగితం మీద చూస్తే అన్యాయం కనిపించదు. దెబ్బంతా కాగితం వెనక ఉన్న శిక్షల్లో ఉంది. పని ఎగ్గొట్టినా, తోట దాటి పోయినా అది నేరం. మామూలు ఒప్పందం తప్పితే నష్టపరిహారం కడతారు. గిర్మిట్ తప్పితే జైలు. పైగా ఫిజీలో ‘రోజు కూలి’ అంటే రోజు గడిస్తే వచ్చే కూలి కాదు, ఆ రోజుకు కొలిచి ఇచ్చిన పని పూర్తయితేనే కూలి. కొలత సర్దారు, అంటే పని చేయించేవాడి చేతిలో ఉండేది. పని మిగిలిపోతే ఆ మేరకు కూలి తెగేది.

నల్లగొండ, పాలమూరు వాళ్లు ఈ ఓడలెక్కారా?

ఈ ప్రశ్న అందరికంటే ఎక్కువ మనవాళ్లే అడుగుతారు. ఓడలెక్కిన తెలుగువాళ్లలో ఎక్కువమంది మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్లు: గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాలు, ఉత్తర ఆర్కాటు. మన జిల్లాలు నిజాం రాజ్యంలో ఉండేవి. సముద్రం లేదు, రేవు లేదు, బ్రిటిష్ కలెక్టరు లేడు. ఎమిగ్రేషన్ చట్టాలు బ్రిటిష్ ఇండియాకే వర్తించేవి. కాబట్టి కూలీల రిజిస్ట్రేషన్ మన తాలూకా కచేరీల్లో జరగలేదు. కృష్ణ దాటి గుంటూరు వైపో కర్నూలు వైపో పోయినవాడిని మాత్రం మేస్త్రి అక్కడ పట్టుకొని మద్రాసుకు చేర్చే వీలుంది. అలాంటి మనిషి కాగితంలో ఏ జిల్లా రాశారన్నది రాసిన గుమాస్తా మీద ఆధారపడుతుంది. వెతికేవాళ్లకు అసలు చిక్కు అక్కడే. దాని సంగతి కింద ఉంది.

మన వలస భూమార్గం పట్టింది. బొంబాయిలో కామాటిపుర అన్న పేరు హైదరాబాద్ రాజ్యం నుంచి పోయిన కామాటి పనివాళ్ల వల్ల వచ్చిందే. ఆ నగరంలో రాళ్లు కొట్టి, గోడలు లేపి, రోడ్లు పోసిన చేతుల్లో మనవి చాలా ఉన్నాయి. 1874లో వాడి–సికింద్రాబాద్ రైలు పడ్డాక బొంబాయి దగ్గరైంది. పద్మశాలీలు షోలాపూర్‌కు, భివండికి, సూరత్‌కు మగ్గం వెంట పోయారు. ‘బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి’ అని తెలంగాణలో ఊరికే అనలేదు. ఆ మూడింటిలో పాస్‌పోర్టు అడిగింది దుబాయి ఒక్కటే.

ఊరి నుంచి ఓడ దాకా ఎన్ని మెట్లు?

1883 ఎమిగ్రేషన్ చట్టం నాటికి పద్ధతి స్థిరపడింది. మద్రాసు రేవు సంగతి తీసుకుంటే ఇలా ఉండేది.

కూలీలను పోగుచేసే మేస్త్రికి లైసెన్సు ఉండాలి. దాన్ని రేవులోని ‘ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రంట్స్’, అంటే వలస కూలీల రక్షణ అధికారి ఇస్తాడు, జిల్లా మేజిస్ట్రేటు దాని మీద సంతకం పెడతాడు. మేస్త్రి పోగుచేసిన మనిషిని రిజిస్ట్రేషన్ అధికారి ముందు నిలబెడతాడు. ఏ దేశం, ఎన్నేళ్లు, ఎంత కూలి అన్నది అర్థమైందా, ఇష్టమేనా అని అధికారి అడిగి రాసుకోవాలి. తర్వాత రేవులోని డిపోకు తీసుకుపోతారు. అక్కడ డాక్టరు ఒళ్లు చూస్తాడు. ఓడ వచ్చి, మనుషుల లెక్క నిండేదాకా అక్కడే ఉండాలి. చివరికి రక్షణ అధికారి మళ్లీ ఒకసారి చూసి ఎమిగ్రేషన్ పాస్ మీద సంతకం చేస్తాడు.

ఆ పాస్ ఒకే కాగితం. పైన ఓడ పేరు, డిపో నంబరు. కింద వరుసగా పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు అడుగులు అంగుళాల్లో, ఒంటి మీది మచ్చలు, పెళ్లయితే ఎవరితో, దగ్గరి బంధువు ఎవరు. అడుగున డాక్టరు, ఏజెంటు, రక్షణ అధికారి సంతకాలు. మోకాలి మీద పుండు మానిన మచ్చ, నుదుటి మీద పచ్చబొట్టు, ఇలా ఒళ్లే గుర్తింపు కార్డు. ఫొటో రాకముందు మనిషిని మనిషిగా పోల్చుకోవడానికి సర్కారు దగ్గర ఉన్నది అంతే.

ఇన్ని తనిఖీలుండగా మోసం ఎలా జరిగేది?

తనిఖీ ఎదుటనే జరిగేది. అధికారి ‘ఇష్టమేనా?’ అని అడిగే రోజుకు ఆ మనిషి ఊరు విడిచి చాలా రోజులైపోయేది. మేస్త్రి పెట్టిన తిండి, ఇచ్చిన బట్ట, రైలు కిరాయి అన్నీ నెత్తిన అప్పుగా ఉండేవి. వెనక్కి పోవాలంటే దారి ఖర్చు లేదు. పుట్టిన జిల్లాలో కాకుండా ఎరుగని పట్నంలో రిజిస్టర్ చేస్తే ‘పోవద్దు’ అని చెప్పే అయినవాళ్లు పక్కన ఉండరు. ‘ఊ’ అన్నాడంటే ఒప్పుకున్నట్టు. ఆ ఒక్క ‘ఊ’ ఐదేళ్ల శిక్షా నిబంధనలన్నిటికీ ఆధారమైంది.

ఇంకొకటి ఆడవాళ్ల కోటా. ప్రతి 100 మంది మగవాళ్లకు 40 మంది ఆడవాళ్లు ఉండాలన్నది నియమం. ఆ లెక్క నిండకపోతే ఓడ కదలదు. అందుకని మేస్త్రుల కళ్లు ఒంటరి ఆడవాళ్ల మీద, వితంతువుల మీద, ఇంట్లో గొడవపడి బయటికొచ్చిన వాళ్ల మీద పడేవి. 1876–78 కరువు మద్రాసు, మైసూరు, హైదరాబాద్ రాజ్యాలను ఊపేసింది. అలాంటి ఏళ్లలో మేస్త్రికి అబద్ధం చెప్పాల్సిన అవసరం కూడా తగ్గిపోయేది.

ఓడల్లో చావులు కూడా తక్కువేమీ కావు. 1856–57లో కలకత్తా నుంచి వెస్టిండీస్ పోయిన ఓడల్లో సగటున నూటికి 17 మంది దాకా దారిలోనే పోయారు. తర్వాతి కాలంలో డాక్టరు, నీళ్లు, జాగా గురించి నియమాలు బిగించాక ఈ సంఖ్య బాగా తగ్గింది. ఇది చెప్పకుండా ఉండటం న్యాయం కాదు.

ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఎప్పుడు వచ్చింది?

మారిషస్‌లో 1867 కార్మిక చట్టంతో. ఒప్పందం గడువు తీరిన ‘పాత వలసదారులు’ ఫొటో అతికించిన టికెట్ కొనుక్కొని ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. జిల్లా మారాలంటే పోలీసు పాస్ కావాలి. టికెట్ ఇంట్లో మరిచిపోయి బయటికొస్తే దేశదిమ్మరి అని పట్టుకుపోయేవాళ్లు. ఈ వేధింపుల మీద 1871లో 9,401 మంది పాత వలసదారులు అర్జీ పెట్టుకున్నారు. దాన్ని తయారుచేసి వాళ్ల తరఫున నిలబడ్డవాడు అదోల్ఫ్ ద ప్లెవిట్జ్. ఫలితంగా రాయల్ కమిషన్ విచారణ జరిగింది. గడువు తీరి స్వేచ్ఛ పొందినవాళ్లకే ఈ కార్డు తగిలించారన్నది గమనించండి. గడువు లోపల ఉన్నవాడిని తోట కంచె పట్టి ఉంచుతుంది. కంచె దాటినవాడికి కాగితమే కంచె అయింది.

రానివ్వాలా వద్దా అన్న తనిఖీ ఎప్పుడు మొదలైంది?

అమెరికా 1875లో, 1882లో చైనా వాళ్లను ఆపే చట్టాలు చేసింది. భారతీయుల విషయంలో ముఖ్యమైనది దక్షిణాఫ్రికాలోని నటాల్. మద్రాసు నుంచి ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 దాకా దాదాపు 1,52,000 మంది గిర్మిట్ కింద అక్కడికి పోయారు. వాళ్లలో ఎక్కువమంది మద్రాసు నుంచే. గడువు తీరాక చాలామంది అక్కడే ఉండిపోయి కూరగాయలు పండించారు, దుకాణాలు పెట్టుకున్నారు. తెల్లవాళ్లకు మంట అక్కడ మొదలైంది.

మొదట పన్ను వేశారు. 1895 చట్టం ప్రకారం మళ్లీ గిర్మిట్ రాయకుండా, తిరిగి పోకుండా ఉండిపోయేవాళ్లు ఏటా 3 పౌండ్లు కట్టాలి. 3 పౌండ్లంటే 60 షిల్లింగులు. నెలకు 14 షిల్లింగుల వాడికి నాలుగు నెలల జీతం కంటే ఎక్కువ. 1913 సమ్మె తర్వాత, 1914లో గానీ ఇది పోలేదు.

తర్వాత 1897 ఇమిగ్రేషన్ నియంత్రణ చట్టం. ‘భారతీయులు రావద్దు’ అని రాస్తే లండన్ ఒప్పుకోదు, ఎందుకంటే భారతీయులు కూడా రాణి ప్రజలే. అందుకని యూరప్ భాషలో దరఖాస్తు రాయగలగాలి అని పెట్టారు. జాతి పేరు చట్టంలో ఎక్కడా లేదు, పని మాత్రం అదే. గిర్మిట్ కింద వచ్చే కూలీలకు ఈ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చారు. చదువు రాని మనిషి గిర్మిట్ పనికి వస్తే తలుపు బార్లా తెరిచి ఉంటుంది, అదే మనిషి తన కాళ్ల మీద తాను వస్తే మూసి ఉంటుంది. సరిహద్దు దేన్ని కాపాడుతోందో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ మాకు దొరకలేదు.

ఈ కిటుకును బ్రిటిష్ వలస మంత్రి జోసెఫ్ చాంబర్లెన్ మిగతా వలస రాజ్యాలకు నమూనాగా చూపించాడు. ఆస్ట్రేలియా 1901లో 50 మాటల డిక్టేషన్ పరీక్ష పెట్టింది. ఏ యూరప్ భాషలో పెట్టాలన్నది అధికారి ఇష్టం. తప్పించాలనుకుంటే ఆ మనిషికి రాని భాషే ఎంచుకునేవాడు. 1958 దాకా అది చట్టంలో ఉంది. కెనడా 1908లో ‘దారిలో ఎక్కడా ఆగకుండా నేరుగా రావాలి’ అంది. భారత్ నుంచి నేరుగా ఓడే లేదు. పైగా ఆసియా వాళ్ల చేతిలో 200 డాలర్లు ఉండాలి. దీన్ని సవాలు చేస్తూ 376 మందితో పోయిన కొమగాట మారు ఓడను 1914 మే నుంచి జులై దాకా వాంకోవర్ రేవులోనే నిలిపి వెనక్కి పంపారు. కలకత్తా దగ్గర బజ్‌బజ్‌లో దిగినవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు.

వేలిముద్రలు ఎక్కడ పుట్టాయి?

మన దేశంలోనే. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక కాంట్రాక్టు మీద రాజ్యధర్ కొనాయ్ అనే గుత్తేదారు అరచేతి ముద్ర తీసుకున్నాడు. మాట తప్పకుండా కట్టిపడేయడానికి! 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వచ్చింది. ఆ వర్గీకరణ పద్ధతికి ఎడ్వర్డ్ హెన్రీ పేరు పెట్టారు గానీ, లెక్క కట్టినవాళ్లు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. 1900లో హెన్రీ దక్షిణాఫ్రికా పోయాడు. 1906లో ట్రాన్స్‌వాల్ సర్కారు భారతీయులంతా పది వేళ్ల ముద్రలిచ్చి రిజిస్టర్ కావాలంది. సెప్టెంబరు 11న జొహానెస్‌బర్గ్ సభలో ఎదిరిస్తామని ప్రమాణం చేశారు. గాంధీజీ సత్యాగ్రహం పుట్టింది అక్కడే. 1908 ఆగస్టు 16న హమీదియా మసీదు దగ్గర వేల సర్టిఫికెట్లు తగలబెట్టారు.

మన ఊళ్లల్లో దొర దగ్గర అప్పు తీసుకున్నవాడు, భగేలా కింద, అంటే అప్పుకు కట్టుబానిసై బతుకంతా పనిచేసినవాడు నిశాని వేసిన బొటనవేలు గుర్తొస్తుంది. అక్షరం రానివాడిని కాగితానికి కట్టేయడానికి అంతకంటే చవకైన తాడు లేదు.

పాస్‌పోర్టు తప్పనిసరి ఎప్పుడైంది?

మొదటి ప్రపంచ యుద్ధంలో. 1917లో యుద్ధకాలపు నిబంధనల కింద భారత్‌లో పాస్‌పోర్టు తప్పనిసరి చేశారు, 1920లో చట్టమైంది. గిర్మిట్ వలసను ఆపేసింది కూడా 1917 మార్చిలోనే. ఫిజీలో మిగిలిన ఒప్పందాలను 1920 జనవరి 1న రద్దు చేశారు. పాస్‌పోర్టు పౌరుడి హక్కా, సర్కారు దయా అన్నది మాత్రం 1967 దాకా తేలలేదు. ఆ ఏడు సుప్రీంకోర్టు, విదేశీ ప్రయాణం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని తీర్పిచ్చాకే ఇప్పటి పాస్‌పోర్టు చట్టం వచ్చింది.

నిజాం రాజ్యానికి సొంత సరిహద్దు కాపలా ఉండేదా?

సరుకుకు ఉండేది. కరోడ్‌గిరి నాకాల దగ్గర నూటికి 5 వంతున సుంకం కట్టించుకునేవాళ్లు. మనుషుల విషయంలో కాపలా గుమ్మం దగ్గర కాకుండా కొలువు దగ్గర ఉండేది. 1919 ఫర్మానా ప్రకారం బయటివాడు ముల్కీ, అంటే స్థానికుడు కావాలంటే 15 ఏళ్లు ఇక్కడ ఉండాలి, ముల్కీ అయితేనే సర్కారు ఉద్యోగం. రాజ్యం బయటికి పోయే నిజాం ప్రజలకు సొంత పాస్‌పోర్టు లేదు. బ్రిటిష్ వాళ్లిచ్చే కాగితంలో వాళ్లు బ్రిటిష్ ప్రజలు కారు, ‘బ్రిటిష్ రక్షణలో ఉన్న వ్యక్తి’ మాత్రమే.

డర్బన్ నుంచో మారిషస్ నుంచో బంధువులు ఊరు వెతుకుతూ వస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఊళ్లో అడిగి కాదు, ఆ చివర నుంచి. ముందు కావలసింది వలస నంబరు. నటాల్ కుటుంబాల్లో పాత పుట్టిన, పెళ్లి సర్టిఫికెట్ల మీద ఆ నంబరు తరచుగా ఉంటుంది. ఆ నంబరుతో ఓడ జాబితా చూస్తే జిల్లా, తాలూకా, గ్రామం తెలుస్తాయి. నటాల్ జాబితాలు డర్బన్ ఆర్కైవ్స్‌లో, మారిషస్‌వి మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో, ఫిజీ పాస్‌లు ఆ దేశపు జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

ఇక్కడ తప్పులు ఎక్కువగా మూడు చోట్ల జరుగుతాయి. ఒకటి, ఇంటిపేరు. ఆ జాబితాల్లో సాధారణంగా మనిషి పేరు, తండ్రి పేరే ఉంటాయి, తెలుగు ఇంటిపేరు ఉండదు. ఇప్పుడు వాళ్లకున్న ‘నాయుడు’, ‘రెడ్డి’ చాలాసార్లు కులం గడిలోంచో పేరు చివర నుంచో వచ్చినవి. వాటిని పట్టుకొని ఊళ్లో పాలివాళ్లను వెతికితే దారి తప్పుతారు. రెండు, ఊరి పేరు. ఇంగ్లీషు గుమాస్తా చెవికి తోచినట్టు రాశాడు. పైకి చదివి వినండి, కళ్లతో చూడకండి. మూడు, జిల్లా పేరు. మహబూబ్‌నగర్‌కు ఆ పేరు 1890లో వచ్చింది. అంతకుముందు పాలమూరు, ఒకప్పుడు జిల్లా కేంద్రం నాగర్‌కర్నూల్. జిల్లా గడిలో ‘హైదరాబాద్’ అనో ‘నిజాం’ అనో ఒక్కమాటే ఉంటే తాలూకా గడి మీదే ఆధారపడాలి. ‘కర్నూలు’ అని ఉన్నంత మాత్రాన నది అవతలి కర్నూలే అనుకోవద్దు, నాగర్‌కర్నూల్ కూడా చూడండి.

గ్రామం తేలితే సేత్వార్ (సర్వే నాటి మూల భూమి రికార్డు), పాత పహాణీలు చూడవచ్చు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు కాగితాలు ఎక్కువగా పార్సీ, ఉర్దూలో ఉంటాయి, చదివేవాళ్లను వెంట తీసుకెళ్లండి. భూమి లేని ఇంటి పేరు భూమి రికార్డులో దొరకదు. అది దొరకలేదంటే ఆ కుటుంబం లేదని అర్థం కాదు.

పాలమూరు గుంపు మేస్త్రి పద్ధతి కూడా గిర్మిటేనా?

కాదు, కానీ ఎముక ఒకటే. దసరా ముందో వెనకో మేస్త్రి ‘జోడి’కి ఇంత అని, అంటే మొగుడూ పెళ్లానికి కలిపి, అడ్వాన్సు ఇస్తాడు. ఆ అప్పు తీరేదాకా కాలువ పని, డ్యాం పని, రోడ్డు పని. గిర్మిట్‌లో జైలు ఉండేది, ఇక్కడ అప్పు ఉంది. ఇంకో తేడా, ఇక్కడ కాగితమే ఉండదు. లెక్క మేస్త్రి నోట్లో ఉంటుంది. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఫొటోతో పాస్‌బుక్ ఇవ్వాలనీ, దారి ఖర్చులివ్వాలనీ, నెల కూలిలో సగం స్థానభ్రంశ భత్యంగా ఇవ్వాలనీ, అది వెనక్కి తీసుకోకూడదనీ చెప్పింది. 2020లో దాన్ని కార్మిక కోడ్‌లో కలిపేశారు. పాలమూరు తల్లులు చంటిబిడ్డలను రాళ్ల మధ్య చీర ఉయ్యాలలో వేసి పనిచేసిన పనిచోట్లలో ఆ పాస్‌బుక్ చేతికొచ్చినవాళ్లు బహు కొద్దిమంది.

పాస్‌పోర్టు మీద ‘ఈసీఆర్’ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే పోయేముందు తనిఖీ కావాలి) అని ఉంది. దీనికీ ఆ పాత చట్టాలకూ సంబంధం ఉందా?

నేరుగా ఉంది. 1883 చట్టం పోయి 1922 చట్టం, అది పోయి 1983 చట్టం వచ్చాయి. ‘ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రంట్స్’ అన్న పదవి అదే పేరుతో ఈరోజుకీ ఉంది, హైదరాబాద్‌లో ఆఫీసు ఉంది. పదో తరగతి పాస్ కానివాళ్లు గల్ఫ్ దేశాలకు, మలేషియా వంటి మరికొన్ని చోట్లకు పనికి పోవాలంటే ఈ ఆఫీసు అనుమతి కావాలి.

పోయేవాళ్లు చూసుకోవలసినవి: ఏజెంటు లైసెన్సు నంబరు కేంద్ర సర్కారు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో మీరే చూడండి, అతను చూపించే కాగితం చాలదు. లైసెన్సు ఉన్నవాడి సబ్ ఏజెంటునంటూ ఊళ్లో తిరిగేవాడికి డబ్బు ఇవ్వవద్దు. ఏజెంటు తీసుకోగల సేవా రుసుం రూ.30,000, దాని మీద జీఎస్టీ, అంతే, రసీదు తీసుకోండి. ప్రవాసీ భారతీయ బీమా యోజన రెండేళ్లకు రూ.275, మూడేళ్లకు రూ.375, చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా రూ.10 లక్షలు. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్లు 30 ఏళ్లు నిండితేనే ఆ దేశాలకు పనికి పోగలరు.

ఎక్కువమంది మునిగేది విజిట్ వీసా దగ్గర. విజిట్ వీసాతో పోతే ఎమిగ్రేషన్ అనుమతి ఉండదు, అంటే మీ ఒప్పందం మన సర్కారు రికార్డులో లేనట్టే. అక్కడ దిగాక అరబ్బీలో ఇంకో కాగితం పెట్టి సంతకం చేయమంటారు, జీతం తగ్గించి రాసి ఉంటుంది. ఇక్కడ రిజిస్టరైన ఒప్పందం ఒక కాపీ ఇంట్లో, ఒకటి ఫోన్‌లో, ఒకటి ఊళ్లో నమ్మకమైన మనిషి దగ్గర ఉంచి పోండి. పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ, వీసా పేజీ కూడా అలాగే ఉంచండి. యజమాని పాస్‌పోర్టు లాక్కుంటే రాయబార కార్యాలయం మొదట అడిగేది ఆ నంబరే.